బిన్

ముప్పై ఏండ్లు కోయిలకుంట్ల రిజిస్ట్రారాఫీసు అరుగు మీద
దస్తావేజులు రాసిన చెయ్యి ఇది.
పేరు, బిన్, తండ్రి పేరు.
ఆడమనిషైతే పేరు, కోం, మొగుని పేరు.
ఆ రెండు ముక్కలు రాయని పొద్దు లేదు నాకు.
మా సుంకన్నతాత దగ్గరికొచ్చేసరికి
కలం ఆగిపాయె.

సుంకన్న బిన్ ఓబులేసు అంటారు అవుకోళ్లు.
సుంకన్న బిన్ మద్దిలేటి అంటాం మేము.
సుంకులమ్మ దేవర వచ్చిందంటే చాలు,
మొదటి జ్యోతి ఎవరింటి ఆడబిడ్డ నెత్తికెత్తుకోవల్ల అని
తాతలనాటి పేచీ మళ్లా లేస్తుంది.
పోయిన దేవరకు మా పాములేటన్న పన్ను ఊడె.
జ్యోతి మాత్రం ఎవరూ ఎత్తకముందే
గాలికి ఆరిపాయె.

వంశరాజు నర్సన్నను పిలిపించినాం.
ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేటోడు
సుంకన్న కాడ దగ్గినాడు, నీళ్లడిగినాడు.
"మా నాయన ఈడ్నే ఆగేటోడమ్మా,
నేనూ ఈడ్నే ఆగుతా" అన్నాడు.
బియ్యం, పంచె పుచ్చుకొని పోయినాడు.

ఇంక కాగితాలే దిక్కు.
కర్నూలు రికార్డు గదిలో
చెదలు తినంగా మిగిలింది
మూడు ఎండాకాలాలు నేను తింటి.

ధాత కరువు, ఫాల్గుణం.
కాలవ గట్టు పని, కూలీల పట్టీ:
చెన్నక్క కోం ఓబులేసు, మట్టితట్ట.
చంకన బిడ్డ, సుంకడు బిన్ ఓబులేసు, మూడేండ్లు,
అరపావు గింజలు.
ఈ పుటకు అవుకోళ్లు పటం కట్టించిరి.

విజయ సంవత్సరం పట్టా:
సుంకన్న బిన్ మద్దిలేటి, మూడెకరాల నల్లరేగడి.
మేమూ కట్టిస్తిమి పటం.

ఆ రెండిటికన్నా పాతది, ఎవరూ వెతకనిది,
కరణం రాసిన చావుల పద్దు.
ఓబులేసు. వాంతిభేది. ప్రజోత్పత్తి, పుష్యం.
ఆ ఏడు పేరు చూసి నవ్వొచ్చింది.
తర్వాత వేళ్లు మడిచినా:
ప్రజోత్పత్తి, ఆంగీరస, శ్రీముఖ...
బిడ్డ పుట్టేనాటికి
ఓబులేసు మట్టిలో రెండేండ్లవాడు.

గెలిచినాం అని కుర్చీలోంచి లేస్తి.
లేచి, మళ్లా కూర్చుంటి.

కూలీల పట్టీలో అదే పుట అడుగున, ఎర్రసిరాతో:
తండ్రి పేరు చెప్పని బిడ్డలకు గింజలు లేవు,
అనాథల కొట్టానికి పంపవలెను.
ఎన్నిసార్లు చదివినానో ఆ పుట.
అడుగు దాకా ఎన్నడూ పోలేదు.

వరుసలో నిలబడుంది ఆమె. తట్ట ఇంకా నెత్తినే.
గుమాస్తా తలెత్తకుండా అడుగుతాడు:
బిన్?
వెనక, మీసం సరిగా రాని ఒక పిల్లోడు
పార మీద గడ్డం ఆనించి నేలచూపు చూస్తుంటాడు.
వాని పేరు చెబితే కులం కట్టు.
చెప్పకుంటే బిడ్డ పాయె.
చచ్చినోడైతే కాదనడానికి రాడు.
"ఓబులేసు" అంటుంది.
కొర్రలు కొంగులో పడతాయి.

ఇదంతా నా ఊహ.
మద్దిలేటి ఆ వరుసలో ఉండెనని ఏ పద్దూ చెప్పదు.
పదహారేండ్లకు, పట్టా పుట్టేనాడు
తన పేరు తానే రాయించినాడు,
అంతవరకే సాక్ష్యం.

నేనూ అడిగినాను కదా, తలెత్తకుండా.
ఎదురుగా ఎవరో ఒకామె కొంగు కొస నములుకుంటా
ఒక పేరు చెప్పేది.
నేను రాసుకునేదాన్ని.
ఒక్క మొకమూ గుర్తు లేదు.

ఇంటికొచ్చి వంశవృక్షం చాప మీద పరిచినా.
ఓబులేసుకు పెన్సిలు గీత.
మద్దిలేటికీ పెన్సిలు గీతే, కాస్త ఒత్తి.
సిరాతో రాసింది ఒక్కటే:
సుంకన్న బిన్ చెన్నక్క.
ఆఫీసులో అయితే వాపసు కొడతారు.

పాములేటన్న కండ్లద్దాలు పెట్టుకొని చూసె.
"ఇట్ల రాస్తే
మొదటి జ్యోతి ఎవరిదే?" అనె,
ఊడిన పన్ను సందులో మాట ఈలేసింది.

దేవర ఇంకా రెండు నెలలుంది.
నేనింకా ఏమీ చెప్పలే.